గడీలోని భర్మారు

పాత తుపాకులను సేకరించేవారు మొదట కర్మాగారపు ముద్రను వెదుకుతారు. నల్గొండ భర్మారు విలువ ముద్రలో కాదు, చేతులు మారిన తీరులో ఉన్నది.

భర్మారు అనగా నింపి కాల్చేది. గొట్టం మూతినుండి సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ప్రతి దెబ్బకూ ఇదే తంతు. పది తూటాలు పట్టే త్రీనాట్‌త్రీ రైఫిలు ముందు ఇది ఏపాటి? పైగా దాని తెల్లని పొగ కాల్చినవాని చోటు చూపెట్టేది. అయినను 1947–48లో, తెలంగాణ రైతాంగ పోరాటంలో, దేశ్‌ముఖుల గడీలను కాపాడిన భర్మారులనే గ్రామ సంఘాలవారు చేజిక్కించుకొని రజాకార్లను ఎదుర్కొన్నారు.

అట్టి తుపాకి దొరికినపుడు నిపుణులు కడ్డీని గొట్టంలోనికి దింపి, ఆ లోతును వెలుపలి పొడవుతో పోల్చి చూస్తారు. కడ్డీ రెండంగుళాల ముందే ఆగితే మందు, గుండు ఇంకా లోపలనే ఉన్నవని అనుమానించాలి. తడి తగలని మందు దశాబ్దాల తరువాతనైనా పేలగలదు.