ఒకరి పరీక్ష అందరికిని చెల్లునా?

విద్యుచ్ఛక్తిని సాధారణముగా ఎవరింట వారు తయారుచేసికొనరు. దూరముననున్న కేంద్రమునుండి తీగెల ద్వారా తెచ్చుకొని, వాడినంతకు వెల చెల్లింతురు. కంప్యూటర్ల శక్తిని గూడ ఇట్లే అద్దెకు తెచ్చుకొను పద్ధతికి క్లౌడ్ కంప్యూటింగ్ అని పేరు. క్లౌడ్ అనగా మేఘము; ఇంజనీర్లు తమ పటములలో దూరపు కంప్యూటర్ల వలను మబ్బుబొమ్మతో సూచించుటచే ఆ పేరు వచ్చినది. నిజమునకు ఆకాశమున తేలునది అందేదియు లేదు. ఉన్నవన్నియు నేలమీది భవనములు, యంత్రములు, తాళములే. ఐతే ఒక భేదము కలదు. విద్యుత్తు కేంద్రమునుండి ఇంటికి వచ్చును. క్లౌడ్ పద్ధతిలోనో, ఇంటి పత్రములు కేంద్రమునకు పోవును. ఆ పత్రములు ప్రభుత్వమువైనచో, ఆ తాళములు గట్టివని ఎవరు తేల్చవలెను?

ఈ ప్రశ్నకు శాసనరూపమున సమాధానము చెప్పుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఇరువదియేండ్లు పట్టినది. 2002 నాటి సమాచార భద్రతా శాసనము ప్రతి శాఖాధిపతిని తన శాఖ సమాచారమునకు బాధ్యునిగా చేసినది. యంత్రములు ఎక్కువగా శాఖల సొంతమై యున్నన్నాళ్లు ఇది సబబుగనే ఉండెను. 2010 చివర, ప్రభుత్వపు ప్రధాన సమాచారాధికారి వివేక్ కుంద్రా, క్రొత్త పనులకు ముందుగా క్లౌడ్‌నే పరిశీలింపవలెనను విధానమును ప్రకటించెను. అంతట చిక్కు వచ్చిపడినది. ఒకే సంస్థ పది శాఖలకు సేవచేసినచో, అవే యంత్రములను పది శాఖలును వేర్వేరుగా పరీక్షింపవలసి వచ్చెడిది. ఒకే పాఠమును ఒక విద్యార్థి పది బడులలో అప్పగించినట్లు!

2011 డిసెంబరు 8న ఫెడ్‌రాంప్ అను ఏర్పాటు వెలువడినది. ఒకమారు పరీక్షించి, పలువురు వాడుకొనవలెననుట దాని మూలసూత్రము. సమాచారము బయటపడినను, చెడినను, సమయమునకు అందకపోయినను కలుగు హానినిబట్టి సేవలు తక్కువ, మధ్యమ, అధిక శ్రేణులుగా విభజింపబడినవి. 2023లో సవరించిన పట్టికలలో ఈ శ్రేణుల నిబంధనలు వరుసగా 156, 323, 410. యంత్రముల గదిలో ఎవరెవరు ప్రవేశించిరి, సమాచారమునకు ప్రతి వేరొకచోట కలదా మొదలగునవన్నియు ఇందు చేరును.

కాని ఇది పరిపాలకుల ఉత్తర్వు మాత్రమే. ఒక శాఖ అంగీకరించిన పరీక్షను మరియొక శాఖ నమ్మకపోయినచో అడుగువారు లేరు. వర్జీనియా ప్రతినిధి జెర్రీ కానలీ ఈ విషయమై పలుమార్లు బిల్లులు తెచ్చెను. తుదకు 2022 డిసెంబరు 23న, రక్షణశాఖ వార్షిక శాసనములో భాగముగా అది చట్టమైనది. ఆమోదము పొందిన సేవను చాలినదానిగనే ఎంచవలెను. చాలదను శాఖాధిపతి, అధిక రక్షణకుగల అవసరమునో, పరీక్షా పత్రములలోని లోపమునో చూపవలెను. ఐనను శాఖాధిపతిపై మొదటి శాసనము మోపిన బాధ్యత తొలగలేదు. పరీక్షకులకు రుసుము చెల్లించునది పరీక్షింపబడు సంస్థయే యగుట కొంత వింత. వారు తమ విదేశీ సంబంధములను వెల్లడింపవలెనని మాత్రము చట్టము విధించినది. దీనికి కాంగ్రెసు ఇచ్చిన ఆయువు ఐదేండ్లే.

మరుసటి యేడే ఒక గట్టి దెబ్బ తగిలినది. 2023లో, చైనాతో సంబంధముగల చొరబాటుదారులు మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన 2016 నాటి రహస్య ముద్రాసంకేతము నొకదానిని చేజిక్కించుకొని, దానితో దొంగ ప్రవేశపత్రములు సృష్టించి, ఆ సంస్థ ఈమెయిలు సేవలో దూరిరి. ఒక్క విదేశాంగ శాఖనుండియే సుమారు 60,000 లేఖలు పోయినవి. జూన్ నెలలో దీనిని కనిపెట్టినది సేవాసంస్థ కాదు. తమ శాఖ నమోదులను స్వయముగా గమనించుచుండిన విదేశాంగ శాఖ ఉద్యోగులే. అంత వివరమైన నమోదులు అప్పటికి అధిక వెల చెల్లించినవారికే లభించెడివి. పిమ్మట మైక్రోసాఫ్ట్ వాటిని అదనపు వెల లేకయే ఇచ్చుటకు అంగీకరించినది.