గ్రాహక ప్రోటీనుల ప్రయోగశాలోత్పాదనము

మానవశరీరమందలి జీవకణముల త్వచములలో నిలిచి, రక్తమునుండియు నాడీకొనలనుండియు వచ్చు రాసాయనిక సంకేతములను వెలుపల గ్రహించి, వాని ఫలమును కణములోనికి చేరవేయు ప్రోటీనులకు గ్రాహకములని పేరు. వైద్యవిద్య చదివినవారు వీనినే రిసెప్టార్లందురు. ఎడ్రినలిన్, ఇన్సులిన్, సెరొటోనిన్ మొదలగునవి తమతమ గ్రాహకముల మూలముననే పనిచేయును. నేడు వాడుకలోనున్న ఔషధములలో ఇంచుమించు మూడవవంతు, కణములోపల సంకేతము నందుకొను జి-ప్రోటీనుతో కూడి పనిచేయు గ్రాహకముల ఒక్క కుటుంబముపైననే ప్రభావము చూపుచున్నవి. శరీరధాతువులలో ఇవి అత్యల్పపరిమాణమున నుండుటచే, వీని జన్యువులను అన్యకణములలో ప్రవేశపెట్టి, ఆ కణములచేత వీనిని విస్తారముగా తయారుచేయించి, శుద్ధిపరచి, పరిశీలించు పద్ధతులు గత నలుబదియేండ్లలో ఏర్పడినవి.

గ్రాహకమును గూర్చిన ఊహ గ్రాహకము చేజిక్కుటకు చాలకాలము ముందే పుట్టినది. జర్మనుదేశమున పౌల్ ఎర్లిహ్, కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ వేర్వేరు మార్గములలో దీనిని ప్రతిపాదించిరి. లాంగ్లీ కోడి కండరములపై ప్రయోగములు చేసి, నరమును తెంచి అది క్షీణించిన పిదప గూడ నికొటీను సోకగనే కండరము ముడుచుకొనుటయు, క్యురారే విషమును సోకించినంతనే ఆ ముడుత అణగిపోవుటయు గమనించి, కండరముననే గ్రహణశీలమగు పదార్థ మొకటి కలదని 1905లో నిర్ణయించెను. 1948లో అమెరికాలో రేమండ్ ఆల్క్విస్ట్, ఎడ్రినలిన్‌కు ఆల్ఫా, బీటా అను రెండువిధముల గ్రాహకము లుండవలెనని వాదించుచు వ్రాసిన వ్యాసమును ఒక పత్రిక త్రోసిపుచ్చగా మరియొక పత్రిక ప్రకటించెను; ఆ విభజనము నాధారముగా గొనియే జేమ్స్ బ్లాక్ ప్రొప్రనలోల్ అను హృద్రోగౌషధమును సాధించెను. ఇంత జరిగినను గ్రాహకమును పాత్రలో పట్టి చూపినవారు లేరు. అది లెక్కలకు మాత్రమే అక్కరకు వచ్చు కల్పన యని సంశయించిన పండితులును కలరు.

మొట్టమొదట చేజిక్కినది మానవునిది కాదు. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకము విద్యుత్తును పుట్టించు చేపల అవయవములలో సమృద్ధిగా నుండుటచేతను, మన కట్లపామునకు దాయాదియైన తైవాను పాము విషములోని ఒక పదార్థము దానిని గట్టిగా పట్టి విడువకుండుటచేతను, పారిస్ నగరమందలి పాస్తర్ సంస్థలో ఝాఁ-పియెర్ షాంజూ 1970లో దానిని గుర్తింపగలిగెను. మానవశరీరమున అట్టి నిధివంటి అవయవమేదియు లేదు.

ఈ చరిత్రలో ప్రధానభాగము బీటా-2 ఎడ్రినలిన్ గ్రాహకమునకు చెందినది. ఉబ్బసరోగులు పీల్చు సాల్బ్యుటమాల్ పనిచేయునది దీనిపైననే. నార్త్ కరొలైనా రాష్ట్రమందలి డ్యూక్ విశ్వవిద్యాలయమున 1973లో చేరిన రాబర్ట్ లెఫ్కోవిట్జ్, గ్రాహకమునకు అంటుకొను ఆల్ప్రెనలోల్ జాతి ఔషధమునకు రేడియోధార్మిక హైడ్రోజనును చేర్చి, అది ఎంత అంటినదో కొలిచి గ్రాహకముల సంఖ్యను గణించు పద్ధతిని నెలకొల్పెను. పిమ్మట ఆయనయు మార్క్ కేరన్ మొదలగు సహచరులును అదే ఔషధమును సూక్ష్మమగు పూసలకు అతికించి గొట్టములో నింపి, జంతుధాతువుల ద్రావణమును దానిగుండా పోనిచ్చి, పూసలకు పట్టుకొన్న గ్రాహకమును వేరుచేయు విధానమును రూపొందించిరి. శుద్ధమైన గ్రాహకము లభించుటకు సుమారు లక్షరెట్ల శుద్ధి అవసరమయ్యెను. దానికై వెచ్చించిన ఓర్పు ప్రశంసార్హము.

1984లో ఆ బృందమున చేరిన బ్రయన్ కోబిల్కా, మిన్నెసోటా రాష్ట్రమున రొట్టెలు కాల్చి విక్రయించు వారింట పుట్టిన వైద్యుడు. మెర్క్ సంస్థ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఆ బృందమువారు 1986లో హామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువు గ్రాహకపు జన్యువును, మరుసటి యేడు 413 ఎమినో ఆమ్లములుగల మానవగ్రాహకపు జన్యువును చదివిరి. ఆ గ్రాహకము కణత్వచమును ఏడుమారులు దాటుచు, కంటిలో కాంతిని గ్రహించు రొడాప్సిన్‌ను పోలియుండుట అందరికిని ఆశ్చర్యము గొలిపెను. జన్యువు దొరకుటతో, ధాతువులను నూరి వెదకుటకు మారుగా, కోరిన కణముచేత గ్రాహకమును తయారుచేయించు దారి తెరచుకొనెను.

ఏ కణమున తయారుచేయింపవలె నన్నదే అప్పటి సమస్య. కోలై బాక్టీరియా చౌకయైనను, మానవప్రోటీనులకు చక్కెరలను తగిలించు నేర్పు దానికి లేదు. పెక్కు గ్రాహకములు దానిలో ముడుతలు సరిగా పడక ముద్దయై వ్యర్థమగును. ఈస్టును, కప్పగ్రుడ్లును కొంత పనికివచ్చినవి. 1957లో థియొడోర్ పక్ పెంపకమునకు తెచ్చిన చైనా హామ్‌స్టర్ అండాశయకణములు ఔషధపరిశ్రమకు ఆధారములైనవి. 1973లో లైడెన్ నగరమున ఫ్రాంక్ గ్రాహమ్ మానవపిండ మూత్రపిండకణములలో ఎడినోవైరసు డి.ఎన్.ఏ.ను చొప్పించి, అవి ఎడతెగక విభజించుకొనునట్లు చేసెను. అది ఆయన ప్రయోగములలో 293వది యగుటచే ఆ కణములను నేటికిని ఆ అంకెతోనే పిలుచుచున్నారు. టెక్సాస్‌లో మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ అనువారు 1983లో, పురుగులకు సోకు బాక్యులోవైరసులో మానవజన్యువును పొదిగి, ఒక రెక్కలపురుగు అండాశయమునుండి వచ్చిన కణములకు ఆ వైరసును సోకించి, మానవ ఇంటర్‌ఫెరానును తయారుచేయించిరి. ఆ పురుగే 2018లో భారతదేశమున ప్రవేశించి మన మొక్కజొన్న చేలను పాడుచేసినది. రైతులు దానిని కత్తెరపురుగందురు. చేనికి అంత కీడుచేయు ప్రాణి గ్రాహకవిజ్ఞానమునకు ఇంత మేలుచేయుట విచిత్రమే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు తరలిపోయిన కోబిల్కా అనుసరించిన విధానము ఇట్టిది. 27 డిగ్రీల వేడిమిలో, ఊగుచుండు కుప్పెలలో పెరుగు పురుగుకణములకు గ్రాహకజన్యువుగల వైరసును సోకించి, దాదాపు రెండుదినముల పిదప వానిని వడిగా త్రిప్పి అడుగున పేర్చి, ఉప్పుతక్కువ నీటిలో ఉబ్బించి పగులగొట్టుదురు. త్వచముల కొవ్వునుండి గ్రాహకమును వెలికిదీయుటకు డోడెసిల్ మాల్టోసైడ్ అను సబ్బుజాతి పదార్థమును కలుపుదురు. ఇచ్చటనే జాగరూకత మిక్కిలి అవసరము. కొవ్వును వీడిన గ్రాహకము త్వరలోనే రూపము చెడును గనుక పని యంతయు మంచుచల్లదనమున సాగవలెను. గ్రాహకపు మొదట ముందుగానే చేర్చియుంచిన చిన్న ఎమినో ఆమ్లపు గుర్తును కాల్షియము సమక్షమున ఒక ప్రతిరక్షకము పట్టుకొనును. కాల్షియమును తొలగింపగనే విడుచును. అటుపై ఆల్ప్రెనలోల్ పూసల గొట్టము. రూపము చెడినది ఔషధమును పట్టజాలదు కావున, అచ్చట నిలుచునవి పనిచేయు గ్రాహకములు మాత్రమే.

2000 సంవత్సరమున స్ఫటికములద్వారా రొడాప్సిన్ నిర్మాణము వెలువడినది గాని, దానికి ఆవుల కన్నులే చాలినవి. పెంచిన కణములనుండి తీసిన మానవగ్రాహకపు స్ఫటికములు 2007లో ఫలించినవి. గ్రాహకమందు నిలుకడలేని ఒక మెలికను తొలగించి, ఆ స్థానమున లైసోజైమ్ అను దృఢమగు ప్రోటీనును అతికించి, కోబిల్కా, రేమండ్ స్టీవెన్స్ బృందములవారు 2.4 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో దాని రూపమును చూపిరి. 2011లో గ్రాహకము జి-ప్రోటీనును పట్టుకొనియున్న స్థితిని, లామా జంతువుల ప్రతిరక్షకములనుండి తీసిన నానోబాడీ సహాయమున, కోబిల్కా బృందము స్ఫటికరూపమున నిలిపినది. ఇది ఈ రంగమున నిస్సందేహముగా మహాకార్యము. 2012 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు కలిసి లభించెను. శీతల ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని ప్రబలిన పిదప స్ఫటికముల అక్కర చాలవరకు తీరినది.

ఇట్లు తయారైన గ్రాహకములు ఔషధములుగా గూడ మారినవి. ఎయిడ్స్ వైరసు పట్టుకొను సి.డి.4 గ్రాహకమును త్వచమునుండి విడదీసి ద్రావణరూపమున 1980 దశాబ్దాంతమున పరీక్షించిరి; ఫలము ఆశించినంత రాలేదు. కీళ్లవాతమునకు వాడు ఎటనర్సెప్ట్, ఒక గ్రాహకపు వెలుపలి భాగమును ప్రతిరక్షకపు తునకతో జతచేసి, హామ్‌స్టర్ కణములలో పండించిన ప్రోటీను. అమెరికాలో దానికి 1998లో అనుమతి లభించెను. కోవిడు వైరసునకు ద్వారమైన ఏ.సి.ఇ.-2 పూర్ణనిర్మాణము 2020లో 293 కణముల వంశమునుండియే వెలువడెను. హైదరాబాదునందలి సి.సి.ఎమ్.బి. పరిశోధనసంస్థలో అమితాభ చటోపాధ్యాయ బృందమువారు మానవ సెరొటోనిన్-1ఏ గ్రాహకమును హామ్‌స్టర్ కణములలో పెంచి, త్వచమందలి కొలెస్టరాల్ తగ్గినయెడల దాని పనితీరు ఎట్లు మారునో పరిశోధించిరి.

మానవునియందు జి-ప్రోటీను గ్రాహకములు సుమారు 800 కలవు. వీనిలో నూరు వరకు ఏ సంకేతమును గ్రహించునో నేటికిని తెలియలేదు.