దక్కనీ – ఢిల్లీ ఉర్దూ: రచయితలు, వాడుక భేదాలు

హైదరాబాదు పాతబస్తీలో ఇంటా బయటా వినిపించే ఉర్దూ రూపం దక్కనీ. ఢిల్లీ, లక్నో రచయితల ఉర్దూతో దీనికి మూలం ఒకటే అయినా ఉచ్చారణలో, వ్యాకరణంలో, నుడికారంలో బాగా ఎడం ఉంది. బ్రిటిష్, అమెరికన్ ఇంగ్లీషుల మధ్య ఉన్న తేడా దీని ముందు స్వల్పమే.

లాడ్‌బజార్ గాజుల దుకాణంలో బేరం కుదరకపోతే వినిపించే మాట ‘నక్కో’ (వద్దు). ఇది మరాఠీ నుంచి వచ్చింది. అవును అనడానికి ‘హాఁ’కు బదులు ‘హౌ’ అంటారు. ఢిల్లీవారి బహువచనాలు ‘బాతేఁ’ (మాటలు), ‘కితాబేఁ’ (పుస్తకాలు) ఇక్కడ ‘బాతాఁ’, ‘కితాబాఁ’ అవుతాయి. గొంతు లోతు నుంచి పలకాల్సిన ‘క’ను ‘ఖ’గా పలుకుతారు. ఢిల్లీ మగవాడు ‘మైఁనే రోటీ ఖాయీ’ (నేను రొట్టె తిన్నాను) అంటాడు. అక్కడ క్రియ రొట్టెను అనుసరిస్తుంది. పాతబస్తీ మనిషి ‘మైఁ రోటీ ఖాయా’ అంటాడు. ఇక్కడ క్రియ తెలుగులోలాగే కర్తను అనుసరిస్తుంది.

తెలుగు ముద్ర ఇంకా లోతుగా కనిపించేది వాక్య నిర్మాణంలో. ‘ఆతూఁ బోల్కే బోలా’ అనే వాక్యం ‘వస్తానని చెప్పాడు’ అన్న మన వాక్యపు అచ్చే. మన ‘అని’ ఉండే చోటే ‘బోల్కే’ ఉంటుంది. ఢిల్లీ ఉర్దూలో ‘చెప్పాడు’ ముందు వచ్చి, చెప్పిన మాట ‘కి’ తర్వాత వస్తుంది. ‘ఏమో’ అనడానికి పాతబస్తీలో ‘క్యాకీ’ అంటారు. తరతరాలుగా రెండు భాషలూ ఒకే వీధిలో కలిసి బతికితే తప్ప ఇలాంటి పోలికలు రావు.

సాహిత్యంలో దక్కనీదే ముందడుగు. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీ కవి. గోల్కొండ కవి వజహీ 1635లో ‘సబ్‌రస్’ అనే వచన కావ్యం రాశాడు. దక్కను కవి వలీ 1700లో ఢిల్లీ వెళ్లాడు; పారసీలో రాసే అక్కడి కవులు ఆయన కవిత్వం చూశాకే దేశభాష వైపు గట్టిగా మళ్లారు. అయినా 1752 నాటి తన కవుల చరిత్రలో ఢిల్లీ కవి మీర్ తకీ మీర్ దక్కను కవులను తేలిగ్గా తీసిపారేశాడు.

కారణం రాజకీయం. 1687లో కుతుబ్ షాహీల గోల్కొండ పతనంతో దక్కనీకి కొలువు పోయింది. ఆసఫ్‌జాహీ నిజాంల కాలంలో గౌరవం ఢిల్లీ నుడికారానికి దక్కింది. ఆరవ నిజాం కవితాగురువు దాగ్ దెహ్ల్వీ ఢిల్లీవాడే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధించినదీ ప్రామాణిక ఉర్దూలోనే. అమెరికన్ ఇంగ్లీషుకు స్వతంత్ర రాజ్యం, 1828 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు అండగా నిలిచాయి. దక్కనీకి ఆ అండ లేక హాస్య ముషాయిరాలకు, ‘ది అంగ్రేజ్’ వంటి నవ్వుల సినిమాలకు పరిమితమైనట్టు కనిపిస్తుంది. ఇది ఆ భాషకు జరిగిన అన్యాయం.

కులీ కుతుబ్ షా కవితా సర్వస్వాన్ని మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో ప్రచురించారు. మసూద్ హుసేన్ ఖాన్, గులాం ఉమర్ ఖాన్ కూర్చిన దక్కనీ నిఘంటువు 1969లో వెలువడింది. పాత గ్రంథాల భాషకు దక్కిన ఈ శ్రద్ధ నేటి పాతబస్తీ నోటి మాటకూ దక్కాలి.