బ్రిటన్ యుద్ధకాలపు పోస్టర్లు – పౌర జీవితం (1939–45)

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ప్రభుత్వం సామాన్య ప్రజల కోసం వేలాది ప్రచార పోస్టర్లు అచ్చువేయించింది. రైల్వే స్టేషన్లు, బస్సులు, కార్ఖానాలు, పోస్టాఫీసులు, ఎక్కడ చూసినా అవే. ఏం తినాలి, ఏం పండించాలి, చిరిగిన బట్టను ఎలా కుట్టుకోవాలి, నలుగురిలో ఏం మాట్లాడకూడదు అనేవన్నీ అవి చెప్పాయి. యుద్ధరంగానికి వెళ్లనివారి యుద్ధచరిత్ర ఈ గోడపత్రాల్లోనే దొరుకుతుంది.

నేపథ్యం

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. మరునాడే సమాచార మంత్రిత్వ శాఖ ఏర్పడింది. లండన్ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ దానికి కార్యాలయమైంది. అప్పటికే, సెప్టెంబరు 1 నుంచే, రాత్రిళ్లు వెలుగు బయటికి కనబడకుండా బ్లాకవుట్ అమలవుతోంది. విమానదాడుల భయంతో దాదాపు 15 లక్షల మందిని, ముఖ్యంగా పిల్లల్ని, మూడు రోజుల్లో నగరాల నుంచి పల్లెలకు తరలించారు.

తొలి పోస్టర్లు

మొదట తయారైన మూడు పోస్టర్లలో బొమ్మలు లేవు. పైన కిరీటం, కింద పెద్ద అక్షరాలు. ‘మీ ధైర్యం, మీ ఉల్లాసం, మీ పట్టుదల మనకు విజయం తెస్తాయి’ అన్న పోస్టరు విమర్శల పాలైంది. కష్టం ప్రజలది, గెలుపు పాలకులది అన్నట్టుందని చాలామందికి తోచింది. ‘నిబ్బరంగా ఉండండి, పని సాగించండి’ అనే మరో పోస్టరును 24 లక్షలకు పైగా ప్రతులు అచ్చువేసి, భారీ బాంబుదాడుల రోజు కోసం దాచారు. అది అధికారికంగా విడుదల కాలేదు. ప్రతుల్లో అధికభాగం 1940లో తుక్కు కాగితంగా మారింది.

తిండి, బట్ట

బ్రిటన్ ఆహారంలో చాలాభాగం ఓడల్లో దిగుమతయ్యేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచుతుండడంతో 1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరలకు రేషన్ పెట్టారు. తర్వాత మాంసం, ఆ జూలైలో టీ చేరాయి. తొలుత టీపొడి మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు చౌకగానో ఉచితంగానో రోజూ పాలు అందాయి.

ఈ కొరతలోంచే ‘గెలుపు కోసం తవ్వండి’ ప్రచారం పుట్టింది. దాని ప్రసిద్ధ పోస్టరులో మనిషి ముఖం కనబడదు; పారను మట్టిలోకి తొక్కుతున్న బూటు కాలు మాత్రమే ఉంటుంది. ఆ కాలు ఎవరిదైనా కావచ్చు. కూరగాయలు పండించుకునే చిన్న మడుల సంఖ్య యుద్ధానికి ముందు సుమారు 8 లక్షలు. 1943 నాటికి 14 లక్షలకు చేరింది. లండన్ టవర్ కందకంలోనూ కూరగాయలు పండించారు. ‘పొటాటో పీట్’, ‘డాక్టర్ క్యారట్’ అనే బొమ్మ పాత్రలు దేశంలోనే పండే దుంపల్ని వంటింటికి దగ్గర చేశాయి. 1941 జూన్ 1 నుంచి బట్టలకూ కూపన్లు వచ్చాయి. దాంతో పాతబట్టల్ని బాగుచేసుకొని వాడుకోమనే ప్రచారం ఊపందుకుంది.

గూఢచారుల భయం

1940లో ఫూగాస్ అనే కలంపేరుతో సిరిల్ కెన్నెత్ బర్డ్ గీసిన పోస్టర్లు జనాన్ని నవ్విస్తూనే హెచ్చరించాయి. ఒక దానిలో ఇద్దరు మహిళలు కబుర్లలో మునిగి ఉంటారు. వెనక సీట్లో నాజీ నేతలు హిట్లర్, గోరింగ్ కూర్చొని వింటుంటారు. నోరుజారితే ప్రాణాలు పోతాయన్న మాటను బెదిరింపు లేకుండా చెప్పిన తీరు ఇది.

మహిళలు

1941 డిసెంబరు చట్టంతో 20–30 ఏళ్ల అవివాహిత మహిళలకు జాతీయ సేవ తప్పనిసరైంది. కార్ఖానాలకు, సైన్యపు సహాయక దళాలకు, పొలం పనులకు రమ్మని పోస్టర్లు పిలిచాయి. వ్యవసాయం చేసే మహిళా దళంలో ఒక దశలో 80,000 మందికి పైగా పనిచేశారు.

అంచనా

1940 సెప్టెంబరు నుంచి 1941 మే వరకు సాగిన బాంబుదాడుల్లో 40,000 మందికి పైగా పౌరులు మరణించారు. అయినా జనజీవనం ఆగలేదు. రేషన్ మాత్రం 1954 జూలై 4 వరకు కొనసాగింది. నిబ్బరంగా ఉండమన్న పోస్టరు 2000లో ఇంగ్లండ్‌లోని ఆల్నిక్ పట్టణంలో ఒక పాతపుస్తకాల దుకాణంలో బయటపడి ప్రపంచ ప్రసిద్ధమైంది. కానీ యుద్ధకాలపు ప్రజలకు అండగా నిలిచింది ఆ నినాదం కాదు. చేయగల పనిని చూపిన పోస్టర్లు, వాటి వెనక అందరికీ కొలిచి పంచిన రేషన్ వారిని నిలబెట్టాయి.