యంత్రశాలకు నేల, ఏటికి త్రోవ

నదీతీరమున యంత్రశాలలు కట్టఁదలఁచువారు నేల వెలను, బాటల సదుపాయమును విచారింతురు. ఏటి పూర్వచరిత్రను విచారించుట యరుదు.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మందిని పొట్టఁబెట్టుకొనెనని యంచనా. 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు కారణములు శోధించుచు, నగరముతో నిలువక ఎగువప్రదేశమెల్ల పరిశీలించిరి. అచటి 788 చెరువులలో 221 తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపైఁ బడి నదిఁ జేరినట్లు తేలెను. వారి సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. జలాశయములు వరద నుధృతి తగ్గించును గాని, ఏటి త్రోవలోఁ గట్టిన గోడను కాపాడఁజాలవు.

కావున కర్మాగారమున కనుమతి నిచ్చుటకు ముందు ఎగువ చెరువుల కట్టలను, పూర్వపు వరదగుర్తులను, నీరు పోవు త్రోవను పరీక్షింపవలెను. రాత్రివేళ వరద వచ్చినచో తొలుతఁ జిక్కువడునది యందుఁ బనిచేయు కార్మికుఁడే. అతని ప్రాణమును లెక్కకుఁ దేని కట్టడమును మేము అభివృద్ధి యనఁజాలము.