వకీలు అక్కర్లేని చట్టం

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టాన్ని ఇప్పుడు తీరిగ్గా చదివితే, దాన్ని రాసినవాళ్లు ప్లీడర్లను వీలైనంత దూరంగా ఉంచాలనుకున్నారని అర్థమవుతుంది. సివిల్ కోర్టుకు ఇందులో పనే లేదన్నారు. దావా బదులు కమిషనర్‌కు అర్జీ చాలన్నారు. అర్జీ రాసుకోలేని నిరక్షరాస్యుడు అడిగితే, కమిషనరే దగ్గరుండి రాయించాలి. ఎంత డబ్బు రావాలో వాదించుకునే పని కూడా లేదు. జీతం, వయసు తెలిస్తే పట్టిక చూసి లెక్క కట్టెయ్యొచ్చు. 1924 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం ఉద్దేశంలో చాలా మంచిది. కానీ చెయ్యి తెగినవాడు, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఈ వందేళ్లలో ప్లీడరు గుమ్మం తొక్కకుండా డబ్బు కళ్లచూడటం అరుదైపోయింది. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండ్‌లో ఒక కసాయి దగ్గర పనిచేసే కుర్రవాడు సరుకు ఎక్కువైన బండి విరిగి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. యజమాని మీద దావా వేశాడు. ప్రీస్ట్లీ, ఫౌలర్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1837లో అతనే ఓడిపోయాడు. ప్రమాదం ఉందని తెలిసీ పనికి ఒప్పుకున్నాడు కదా, కావాలంటే మానేసి ఉండొచ్చు కదా అన్నది కోర్టు ధోరణి. తోటి పనివాడి పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడన్న సూత్రం దీన్నుంచే పుట్టి, అరవై ఏళ్ల పాటు కార్మికుల నోరు నొక్కింది. జర్మనీలో బిస్మార్క్ 1884లో ప్రమాద బీమా చట్టం తెచ్చాడు. ఇంగ్లండ్ 1897కి గానీ తేరుకోలేదు. తప్పు ఎవరిదన్న ప్రశ్నే అడగకుండా, పనిలో దెబ్బ తగిలితే యజమాని డబ్బు కట్టాల్సిందేనన్న పద్ధతి అలా మొదలైంది. మనకు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటి ఉండేది. దాని కింద యజమాని తప్పును సివిల్ కోర్టులో రుజువు చెయ్యాలి. మిల్లు కూలీ భార్యకు అది అయ్యే పనేనా?

1923 చట్టం తప్పొప్పుల ప్రశ్నను పక్కన పెట్టింది. దాని స్థానంలో ఇంగ్లండ్ నుంచి ఒక షరతును అరువు తెచ్చుకుంది. ప్రమాదం పని కారణంగా జరిగి ఉండాలి, పని సాగుతుండగా జరిగి ఉండాలి. చూడటానికి చిన్న వాక్యం. ప్లీడర్లకు వందేళ్ల పని కల్పించింది మాత్రం ఇదే. గుండె ఆగి చనిపోయిన లారీ డ్రైవరును చంపింది పనా, జబ్బా? భోజనానికి గేటు దాటినవాడు పనిలో ఉన్నట్టా, లేనట్టా? అసలు అతను మా మనిషే కాడు, కాంట్రాక్టరు మనిషి అని యజమాని అంటే? ఈ చివరి దానికి చట్టంలోనే జవాబుంది. కాంట్రాక్టరు పెట్టిన కూలీకి కూడా అసలు యజమానే కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. తాగి ఉన్నాడు, రక్షణ కవచం తీసేశాడు లాంటి వాదనలు మనిషి చనిపోయినప్పుడు చెల్లవు. అయితే ఈ జవాబులు ఉన్నాయని తెలిసి, సమయానికి నోరు విప్పి చెప్పే మనిషి కావాలి. కమిషనర్ ముందుకు వకీళ్లు రావచ్చని చట్టమే ఒప్పుకుంది. రెండు పక్షాలకూ అదే హక్కు. దాన్ని ముందు వాడుకోగలిగినది డబ్బున్న పక్షం, ఆ తర్వాత బీమా కంపెనీ.

కార్మికుడు తనంత తాను రాలేడన్న సంగతి ప్రభుత్వానికీ తెలిసొచ్చింది. విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ 1929 నుంచి 1931 దాకా కార్మికుల స్థితిగతులు పరిశీలించాక, 1933లో చట్టాన్ని సవరించారు. ఎక్కడైనా కార్మికుడు చనిపోయాడని తెలిస్తే అర్జీ కోసం కూర్చోకుండా కమిషనరే యజమానికి నోటీసు పంపి ముప్పై రోజుల్లో సంజాయిషీ అడగొచ్చు. నా బాధ్యత లేదని యజమాని తప్పించుకుంటే, మీరు క్లెయిమ్ వేసుకోవచ్చని కుటుంబానికి కబురు పెట్టొచ్చు. ఇంత మంచి సెక్షన్ ఇంత మరుగున పడిపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

వకీలు ఉంటే ఏం మారుతుందో చూడాలంటే జయపురం కేసు చూడాలి. మన ఉత్తరాంధ్ర పొరుగునే, కోరాపుట్ జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో 1968లో ఒక వడ్రంగి సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసెయ్యాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతనికి నూటికి నూరు పాళ్లూ నష్టం జరిగినట్టేనని కమిషనర్ తేల్చాడు. 1975లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. డబ్బు బాకీ పడేది కమిషనర్ తీర్పు రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా చెప్పింది. వడ్డీ కోసం వాదించే ప్రతి వకీలూ ఇవాళ్టికీ ఆ తీర్పు పట్టుకునే నిలబడతాడు.

ఉద్యోగం పోయినవాడి దారి వేరు, అక్కడ కోర్టుల మీదే అపనమ్మకం ఉండేది. 1920లో మద్రాసు బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల గొడవలో కంపెనీ హైకోర్టుకెళ్లి, కార్మిక నాయకుడు బి.పి. వాడియా మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. కోర్టంటే యజమాని చేతి కర్ర అన్న అనుమానం కార్మిక సంఘాల్లో బలపడటానికి అదొక కారణం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఆ అనుభవం నుంచే పుట్టింది. మన వి.వి. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, మద్రాసులో ప్లీడరీ మొదలుపెట్టి, సహాయ నిరాకరణ పిలుపుతో మానేసిన మనిషి. రైల్వే కార్మికుల నాయకుడై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా తగువులు బేరమాడి తీర్చుకోవాలే గానీ ట్రైబ్యునళ్ల చుట్టూ తిరిగితే సంఘాలు నీరుగారిపోతాయని వాదించారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదిలేశారు. వకాలత్ సంగతి తెలిసినవాడే అంతగా వద్దన్నాడంటే ఆలోచించాలి. ఆయన మాట మాత్రం నెగ్గలేదు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం కూడా వకీళ్లకు అడ్డుకట్ట వేసింది. రాజీ అధికారి ముందు వకీలు అసలు కనిపించకూడదంది. లేబర్ కోర్టులో కనిపించాలంటే ఎదుటి పక్షం సరేననాలి, కోర్టూ అనుమతించాలి అంది. ఇది కార్మికుడి మేలు కోరి పెట్టిన నిబంధన. దీనికి సందు పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో దొరికింది. యజమానుల సంఘంలో ఆఫీస్ బేరర్‌గా ఉన్నవాడు వకీలే అయినా, ఎవరి ఒప్పుదలా అక్కర్లేకుండా రావొచ్చని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. కార్మిక సంఘాల వకీళ్లకూ అదే వెసులుబాటు ఉంది, నిజమే. సంఘమే లేని కూలీ గతేంటి? అదృష్టవశాత్తు ఒక విషయంలో మన రాష్ట్రం దేశానికి దారి చూపింది. డిస్మిస్ అయిన కార్మికుడు ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఎదురుచూడకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ తెచ్చింది. కేంద్రం ఆ పని 2010లో చేసింది. నేరుగా వెళ్లే తలుపు తెరుచుకుందంటే కాగితం రాసే మనిషి అవసరమూ పెరిగినట్టే.

ఇక ఫీజు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం మన దేశంలో అడ్వకేట్లకు నిషిద్ధం, బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. తెలంగాణ నుంచి సుప్రీంకోర్టుకెళ్లిన కేసొకటి దీన్ని మళ్లీ గుర్తుచేసింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ ఇచ్చిన ఫీజు చెక్కు చెల్లలేదని ఆమె వకీలు క్రిమినల్ కేసు పెట్టాడు. పరిహారంలో శాతంగా కట్టిన ఫీజు చట్టవిరుద్ధమంటూ 2017 డిసెంబరులో కోర్టు ఆ కేసు కొట్టేసింది. కూలీకి ముందుగా ఫీజు ఇచ్చే స్తోమతు లేదు, శాతం అడగటానికి వకీలుకు వీల్లేదు. ఈ చిక్కుకు కాగితం మీద పరిష్కారం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే చాలు.

వకీలు దగ్గరికి వెళ్లకముందే నష్టపోయే చోటు ఒకటుంది. ప్రమాదం జరిగిన సాయంత్రమే మేస్త్రీ, ఊరి పెద్దలు కూర్చుని, దినాల ఖర్చులకని కొంత చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. మరణం కేసులో పరిహారం కమిషనర్ దగ్గరే జమ కావాలి, నేరుగా ఇచ్చింది పరిహారం లెక్కలోకి రాదు అని 1923 చట్టం ఎనిమిదో సెక్షన్ చెప్పింది. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సుకు మాత్రం మినహాయింపు. అంటే ఆ వేలిముద్రతో హక్కు పోదు. పోయేది రెండేళ్ల గడువు దాటిపోతేనే, అదీ ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోతేనే. మంచి వకీలు మొదట అడిగే ప్రశ్న ఇంకొకటి, ఈఎస్‌ఐ కార్డు ఉందా అని. అందులో బీమా ఉన్నవాడికి ఈ పరిహారం వర్తించదు. అతను ఈఎస్‌ఐ దగ్గరే పింఛను తెచ్చుకోవాలి.

2010లో చట్టం పేరులో కార్మికుడు పోయి ఉద్యోగి వచ్చాడు. లెక్కలోకి తీసుకునే నెల జీతం పరిమితి 2020 జనవరి నుంచి 15 వేలైంది. ముప్పై ఏళ్లవాడు చనిపోతే అందులో సగాన్ని 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. లెక్క ఇప్పటికీ అంత సులువే. 2025 నవంబరు 21 నుంచి ఇదంతా సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఇంటికీ పనిచోటుకీ మధ్య ప్రయాణంలో జరిగిన ప్రమాదం కూడా ఇప్పుడు పరిహారం కిందికి వస్తుంది. కాకపోతే ప్రమాదం జరిగిన పరిస్థితి, సమయం, స్థలం ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని రుజువు కావాలి. పని ముగించుకుని కూరగాయలు కొనడానికి పక్క సందులోకి తిరిగిన బండి ఆ దారిలో ఉన్నట్టా, లేనట్టా అన్నది ఇక వకీళ్లు వాదించుకోవాల్సిందే.