రాకాసి గుళ్లు ఎవరివి?

గోదావరి లోయలో మన ఊళ్ల పక్కన ఉన్న పెద్ద రాతి సమాధులను ‘రాకాసి గుళ్లు’ అంటారు. చిన్నప్పుడు మేమూ అటువైపు పోవాలంటే భయపడేవాళ్లం. హాస్టల్ పిల్లలతో కలిసి ఒక పురావస్తు శిబిరంలో వాలంటీర్లుగా పనిచేశాకే ఆ భయం పోయింది.

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయిలోనూ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలం జానంపేటలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇవి ఇనుప యుగం నాటి సమాధులు. రెండు వేల ఏళ్లకు పైబడినవి. నిలువు బండలు పాతి, పైన పెద్ద కప్పుబండ పరిచారు. లోపల చనిపోయినవారిని ఉంచేందుకు రాతి తొట్టి ఉంటుంది. మల్హెరన్ అనే వ్యక్తి ఎగువ గోదావరి ప్రాంతపు సమాధుల గురించి 1868లోనే రాశాడు. బయటివాళ్లు వచ్చి చూసి రాసుకున్నారు, పక్కనే ఉన్న మనం దూరంగా ఉండిపోయాం.

శిబిరంలో మొదటిరోజు అసలు సమాధిని ముట్టుకోనివ్వలేదు. చెక్కపెట్టెలో ఇసుక, బూడిద, ఎర్రమట్టి పొరలుగా పోసి, పగలగొట్టిన కొత్త కుండ పెంకులు వాటి మధ్య దాచారు. తాపీ, బ్రష్షు మా పిల్లల చేతికిచ్చారు. ఒక అబ్బాయి ఆత్రంగా పెంకును లాగేశాడు. “ఏ పొరలో దొరికింది?” అని అడిగితే నోరు మెదపలేదు. పెంకు చేతిలోనే ఉంది, దాని సాక్ష్యం మాత్రం పోయింది. నిధి ఉందన్న ఆశతో సమాధులు తవ్వేవాళ్లు చేసే నష్టం ఇదే.

రెండోరోజు సమాధి దగ్గరికి వెళ్లాం. తవ్వలేదు. దారం కట్టి, టేపుతో కొలిచి, దిక్సూచితో ఉత్తరం గుర్తించి, ఒక మీటరును కాగితం మీద 5 సెంటీమీటర్లుగా గీశాం. టేపు చివర మేము పట్టుకుంటే పిల్లలు అంకెలు చదివారు. కప్పుబండ కొలిచాక ఒక అమ్మాయి, “మేడం, దీన్ని ఎత్తడానికి ఊరంతా కలిసి ఉంటారు కదా!” అంది. రాకాసి మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

“వీళ్లు మన తాతలేనా?” అని ఇంకొకరు అడిగారు. ఆధారం లేకుండా అవునని చెప్పలేకపోయాం. కానీ తమవాళ్లను ఇంత శ్రమతో సాగనంపినవాళ్లు మనుషులే. ఈ నేల మీద ఇప్పుడున్నది మనం, వాటి కాపలా మన బాధ్యత.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ ఊరి పక్కన ఇలాంటి రాయి కనిపిస్తే కదపకండి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం కూడా. ఫొటో తీయండి, కొలవండి. ఆ రాయిని ఊళ్లో ఏమని పిలుస్తారో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. ఆ తర్వాత పురావస్తు శాఖకు తెలియజేయండి.